మూడు వర్గాల శాంతయ్య

పంతొమ్మిదివందల ఇరవై తొమ్మిదో సంవత్సరం. ఎండలు ముదిరి, కుందూనదిలో ఇసుక తప్ప ఇంకేమీ పారని ఒక సోమవారం నాడు, తాలూకా బావుల బోర్డు ప్రెసిడెంటు మద్దిలేటిరెడ్డిగారు తమ బోర్డు ఆఫీసుండే కచేరి ముందర పందిరి వేయించి, బ్యాండుమేళం పెట్టించి, లోకానికి ఒక సంగతి ప్రకటించినారు.

"ఈ పొద్దు నుంచి మన కచేరిలో సకల కులాలకు, సకల మతాలకు, సర్కారువారి ఆర్డరు ప్రకారం న్యాయమైన రిప్రెజెంటేషన్ ఉంటాది. ఒక్క వర్గానికి అన్యాయం జరిగినా నేను ఈ కుర్చీలో కూర్చోను!"

జనం చప్పట్లు కొట్టినారు. రెడ్డిగారు కూర్చున్నారు.

అప్పటికి ఆ కచేరిలో ఉద్యోగులు ఆరుగురు. హెడ్ గుమాస్తా అవధానం పంతులుగారు, ఆయన అల్లుడు, ఆయన చెల్లెలి కొడుకు. ఈ ముగ్గురూ పాతకాలపు అన్యాయం. ప్రెసిడెంటుగారి బావమరిది, పెదనాన్న కొడుకు, ఆ పెదనాన్న కొడుకుకు తోడల్లుడు. ఈ ముగ్గురూ కొత్తకాలపు న్యాయం. న్యాయం, అన్యాయం సరిసమానంగా తూగడం వల్ల కచేరిలో గొడవలనేవే ఉండేవి కావు. పనీ ఉండేది కాదు.

అంతా సవ్యంగా ఉండగా మద్రాసు నుంచి ఒక కాగితం దిగింది. "బ్రాహ్మణులు సరే, బ్రాహ్మణేతరులు సరే. ముసల్మానులు, క్రిస్టియన్లు, డిప్రెస్డ్ క్లాసులవారు మీ కచేరిలో ఎంతమంది ఉన్నారు? లేకపోతే ఎందుకు లేరు? మరుటపాలో జవాబు." ఖాళీ చూస్తే ఒక్కటే. చిన్న గుమాస్తా పోస్టు. వర్గాలు మూడు. కుర్చీ ఒకటి. ఇంకొకరైతే బెంబేలు పడేవాళ్లే. అవధానం పంతులుగారు మాత్రం ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసులో ఏ ఫారానికీ ఓడినవారు కారు.

ఆ ఒక్క ఖాళీకి దరఖాస్తు పెట్టుకున్నవాడు శాంతయ్య.

శాంతయ్యది బనగానపల్లె దారిలో, కచేరికి ఏడుమైళ్ల దూరాన, ఒక ఊరికి ఎడంగా ఉన్న పేట. తాతది తోలు పని. నాయన కాలంలో పాదిరీదొరలు వచ్చి బాప్తిస్మం ఇచ్చినారు. తోలు పని మాత్రం అట్లే ఉండిపోయింది. నాయన ఖాదర్ సాహెబుగారి తోళ్ల మండీలో పని చేసేవాడు గనక, శాంతయ్య చిన్నతనం సగం మండీలో, సగం మిషన్ బడిలో గడిచింది. బడిలో ఇంగ్లీషు అబ్బింది, మండీలో ఉర్దూ అబ్బింది. మూడో ఫారం, అంటే ఎనిమిదో తరగతి, పాసయినాడు. పేటలో అంత చదివినవాడు తానొక్కడే కాబట్టి బహుశా ప్రపంచంలో కూడా అంతేనేమో అని తనకొక చిన్న అనుమానం ఉండేదని, తర్వాతి రోజుల్లో అతనే చెప్పుకొని నవ్వేవాడు.

ఉద్యోగంలోకి అతన్ని తోసింది మాత్రం తల్లి విశ్వాసమ్మ. పేటలో బావి లేదు. ఊరి బావి గట్టు పేటవాళ్లు ఎక్కకూడదు. ఆడవాళ్లు కడవలు దూరంగా పెట్టుకొని, ఎవరో పుణ్యాత్ములు చేది పోసిందాకా పొద్దంతా కూర్చోవాల. పేటకు బావి తవ్వించమని బోర్డుకు అర్జీ పెట్టి తొమ్మిదేండ్లయింది.

"నువ్వు కలెక్టరువి కావద్దు నాయనా," అనింది విశ్వాసమ్మ. "బావులు తవ్వించే కచేరిలో దూరు. మన అర్జీ యాడ పడి ఉండాదో చూడు. చాలు."

పంతులుగారు అతన్ని వరండాలో నిలబెట్టి ఇంటర్వ్యూ చేసినారు.

"పేరేమప్పా?"

"శాంతయ్య, సామీ."

"క్రిస్టియన్‌వా?"

"అవును సామీ."

"క్రిస్టియన్ కాకముందు?"

"అప్పటికి నేను పుట్టలేదు సామీ. మా తాత చెప్పులు కుట్టేవాడు."

పంతులుగారి కలం ఆగింది. "అంటే డిప్రెస్డ్ క్లాసు."

"ఆయన శానా నవ్వుమొగం మనిషంట సామీ."

"అది కాదులే. ఉర్దూ వచ్చునా?"

"వస్తాది సామీ. ఖాదర్ సాహెబు మండీలో పెరిగినా."

పంతులుగారు అద్దాలు తీసినారు. తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకొని శాంతయ్యను కిందినుంచి పైదాకా, నిధి దొరికినవాడు గుంతలోకి చూసినట్టు చూసినారు.

"ఇన్నాళ్లూ యాడుండావప్పా నువ్వు!"

ఆర్డరు కాగితం చేతికియ్యకుండా బల్ల అంచున పెట్టి, రూళ్లకర్రతో ఇవతలికి తోసినారు. శాంతయ్య దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆ సాయంత్రమే మద్రాసుకు స్టేట్‌మెంటు పోయింది. క్రిస్టియన్లు: ఒకరు, మిస్టర్ శాంతయ్య. ముసల్మానులు: ఒకరు, శాంత్ మియా. డిప్రెస్డ్ క్లాసు: ఒకరు, శాంతిగాడు.

దాని నకలు తీసేటప్పుడు శాంతయ్య మూడు పేర్ల మీద వేలు పెట్టినాడు.

"సామీ, ముగ్గురూ నేనే గదా?"

"అయితే?"

"తప్పు కాదా?"

"ఆ గడి పైన ఏమని అచ్చేసినారో చదువు. 'మనుషులు' అని ఉండాదా? 'ప్రాతినిధ్యం' అని ఉండాది. మన ప్రెసిడెంటుగారు లక్షమందికి ప్రతినిధి. లక్ష తలకాయలు చూపించమని ఆయన్ను ఎవరన్నా అడిగినారా?"

శాంతయ్య నకలు పూర్తి చేసి ఇచ్చినాడు. నిజం చెప్పాలంటే ఎదురు వాదించబుద్ధి కూడా కాలేదు. మూడు వర్గాల భారం ఒక్క భుజం మీద పడేసరికి అతని నడకే మారిపోయింది. ఇంటికి పోయి తల్లికి చెప్పినాడు.

"అమ్మా, నేనిప్పుడు మూడు వర్గాలకు ప్రతినిధిని."

"మూడు జీతాలా?"

"జీతం ఒకటే."

"పని?"

"ఆరుగురిదీ నాదే."

విశ్వాసమ్మ తెడ్డు చేతికి తీసుకుంది. "దాన్ని ప్రతినిధి అనరు నాయనా. ఎద్దు అంటారు," అని సంగటి కెలకను పోయింది.

లోపల జాగా చాలదని శాంతయ్యకు వరండాలో బల్లలు వేసినారు. వర్గానికొకటి చొప్పున మూడు బల్లలు. కుర్చీ మాత్రం ఒకటే. క్రిస్టియన్ల కాగితం వస్తే కుర్చీ మొదటి బల్లకు, ముసల్మానుల కాగితం వస్తే రెండో బల్లకు, ఇంకోటొస్తే మూడో బల్లకు. సాయంత్రానికి అతను రాసిన దూరం కంటే మోసిన దూరం ఎక్కువుండేది. అయినా, కుర్చీ ఎత్తుకొని పోయేటప్పుడు కూడా దర్జాగానే ఎత్తుకొని పోయేవాడంట.

మూడో నెలలో, చెదలు తిన్న కట్టల్లోంచి పేట అర్జీ బయటపడింది. శాంతయ్య దాన్ని దులిపి, గుడ్డతో తుడిచి, పంతులుగారి ముందు పెట్టినాడు.

"మంచి ఫైలు," అన్నారు పంతులుగారు. "అయితే ఆ బావి నీళ్లు తాగేదెవరు? పేటలో క్రిస్టియన్లుండారు, క్రిస్టియన్లు కానివాళ్లుండారు. పక్కనే ముసల్మానుల ఇండ్లుండే గేరి. కాబట్టి ముగ్గురు ప్రతినిధుల అభిప్రాయం తీసుకొనిరా. అది పద్ధతి."

శాంతయ్య ఎగిరి గంతేసినంత పని చేసినాడు. మొదటి బల్ల దగ్గర కూర్చొని "బావి అత్యవసరం" అని ఇంగ్లీషులో రాసినాడు. కుర్చీ జరిపి, రెండో బల్ల దగ్గర అదే ఉర్దూలో రాసినాడు. మళ్లీ జరిపి, మూడో బల్ల దగ్గర తెలుగులో రాసినాడు. గంటలో ఫైలు తిరిగి పంతులుగారి దగ్గరికి వచ్చింది.

పంతులుగారు పెదవి విరిచినారు. "ముగ్గురూ ఒకే మాట అంటే పైవాళ్లు కుమ్మక్కు అనుకుంటారప్పా. కొంచెం అభిప్రాయభేదం ఉంటే ఫైలుకు నమ్మకం వస్తాది."

అదీ నిజమేననిపించింది శాంతయ్యకు. క్రిస్టియన్ల తరఫున బావి పేటకు తూర్పున ఉండాలన్నాడు. ముసల్మానుల తరఫున పడమర అన్నాడు. మూడోవాని తరఫున, ఏ దిక్కయినా సరే, నీళ్లుంటే చాలునన్నాడు. ఆ మూడో అభిప్రాయం రాసేటప్పుడు మనసు కరిగి కళ్లలో నీళ్లు తిరిగినాయి కూడా.

మర్నాడు ఫైలు మీద పంతులుగారి గుండ్రటి అక్షరాలు: "ప్రతినిధుల మధ్య ఏకాభిప్రాయం కుదరనందున నిలిపివేయడమైనది."

శాంతయ్య మూడు బల్లల నడుమ నిలబడి నెత్తి కొట్టుకున్నాడు. పేట బావిని అడ్డుకున్న శత్రువు ఎవరని ఎవరన్నా అడిగితే, వేలు చూపించడానికి తాను తప్ప ఇంకొకరు లేరు. ఆ ఏడాది బోర్డు రెండు బావులు తవ్వించింది. రెండూ ప్రెసిడెంటుగారి చేన్లల్లో. వాటి గురించి ఏ వర్గానికీ అభిప్రాయభేదం రాలేదు.

ఇట్లా ఏడాది తిరిగింది. మామిడికాయలు పండుబారే నెలలో ఒక పొద్దున ఖాదర్ సాహెబు బుట్ట నెత్తిన పెట్టించుకొని పేటకొచ్చినాడు. బుట్ట నిండా బేనిషా పండ్లు. నడుమ ఆకులు అడ్డం పెట్టి రెండు భాగాలు చేసినారు.

"సగం నీకు శాంతయ్యా. సగం మీ కచేరిలో ఉండే మా మనిషికి."

"మీ మనిషెవరు మామా?"

"అదే, ముసల్మాను గుమాస్తా. మా అల్లుడు హుసేన్ పీరా నీ కచేరికి అర్జీ పెట్టినాడు గదా. అయిదో ఫారం పాసు. 'ముసల్మాను స్థానం భర్తీ అయినది' అని జవాబొచ్చింది. పోనీలే, ఎవరో మనోడికే దొరికింది అనుకున్నాం. పాపం కొత్తూరు, యాడ తింటాండాడో ఏమో. మసీదులో గూడా ఎప్పుడూ కనపడల్య. వచ్చే శుక్రవారం మా ఇంటికి బువ్వకు పిలుచుకొనిరా."

పొయ్యి దగ్గర విశ్వాసమ్మ ఊదుగొట్టం ఊదడం ఆపింది. శాంతయ్య పండ్ల వైపు చూసినాడు, చూరు వైపు చూసినాడు. ఇంక చూడడానికి ఆ ఇంట్లో ఏమీ లేకపోయింది.

"ఆ ముసల్మాను నేనే మామా."

ఖాదర్ సాహెబుకు మొదట అర్థం కాలేదు. శాంతయ్య అంతా విడమరిచి చెప్పినాడు. ముసలాయన నవ్వడం మొదలుపెట్టినాడు. నవ్వి నవ్వి దగ్గు తెరలొచ్చి, విశ్వాసమ్మ చెంబుతో నీళ్లిస్తే తాగి, కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు నెమ్మదిగా అడిగినాడు.

"నీకు నమాజు వస్తాదా బేటా?"

"రాదు మామా."

"మా పీరాకు వస్తాది. అదే వాని తప్పు. వానికి ముసల్మానుగా ఉండడం ఒకటే వచ్చు."

అని లేచి పోయినాడు. బుట్ట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అవమానంతో శాంతయ్య ఆ పండ్లు ముట్టలేదని చెప్తే కథ బాగుంటాది గానీ, తిన్నాడు. రెండు సగాలూ తిన్నాడు. గొంతు దిగడం లేదనుకుంటూనే బుట్ట అడుగు చూసినానని తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

మర్నాడు పంతులుగారి ముందు నిలబడి, "సామీ, నేను ముసల్మాను పదవికి రాజీనామా ఇస్తా. ఆ స్థానం పీరాకు ఇయ్యండి," అన్నాడు.

"మనిషిలో మూడోవంతు రాజీనామా చేసే రూలు లేదప్పా. పోతే మొత్తం పోవాల." పంతులుగారు గొంతు తగ్గించినారు. "నువ్వు పోతే పేట ఫైలు మళ్లీ కట్టల కిందికి పోతాది. ఆలోచించుకో."

శాంతయ్య ఆలోచించుకున్నాడు. కుర్చీ ఎత్తుకొని రెండో బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆనాటి నుంచి మండీ ఉన్న వీధిలో నడవడం మానేసి, చుట్టుదారిన ఇంటికి పోయేవాడు.

కొన్నాళ్లకు మద్రాసు నుంచి స్పెషలాఫీసరు దొర ఇన్‌స్పెక్షన్‌కు వస్తాండాడని కబురొచ్చింది. కచేరికి సున్నం కొట్టినారు. శాంతయ్య కూడా సిద్ధమైనాడు. పాదిరీగారి పాత టై ఒకటి, సంతలో కొన్న ఎర్ర టోపీ ఒకటి, తాతది గొంగడి ఒకటి, మూడూ గంపలో పెట్టుకొని బల్ల కింద దాచుకున్నాడు. ముందు రోజంతా ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవడం సాధన చేసినాడు. నాటకాల కంపెనీలో చేరాల్సినవాణ్ని, ఖర్మ కాలి సర్కారు నౌకరీకి వచ్చినానని అతనికి గట్టిగా అనిపించింది.

దొర వచ్చినాడు. చేతిలో స్టేట్‌మెంటు పట్టుకున్నాడు. దానిమీదినుంచి తల ఎత్తలేదు.

"క్రిస్టియన్?"

"ఎస్ సర్," అన్నాడు శాంతయ్య, టై సవరించుకుంటూ. దొర టిక్కు పెట్టినాడు.

"మహమ్మడన్?"

శాంతయ్య టోపీ కోసం వంగబోయినాడు. పంతులుగారు కాలితో గంపను అవతలికి తన్నినారు. "ఎస్ సర్," అన్నాడు వంగినవాడు వంగినట్టే. ఇంకో టిక్కు.

"డిప్రెస్డ్ క్లాస్?"

"ఎస్ సర్."

దొర కలం ఆగింది. పంతులుగారు గంపకు అడ్డంగా నిలబడినారు. మద్దిలేటిరెడ్డిగారు కులదైవాన్ని తలుచుకున్నారు.

"ముగ్గురి ఇంగ్లీషు ఉచ్చారణా ఒకేరకంగా ఉంది," అన్నాడు దొర సంతోషంగా. "మంచి శిక్షణ ఇచ్చినారు." మూడో టిక్కు పడింది. రిజిస్టరులో "ఆదర్శ కార్యాలయం" అని రాసినాడు.

శాంతయ్య తెగించి ఒక అడుగు ముందుకేసినాడు. "సర్, మా పేటకు బావి..."

"త్రూ ప్రాపర్ చానల్," అని దొర కారెక్కినాడు.

"దొర ఏమన్న్యాడు నాయనా?" అని అడిగింది విశ్వాసమ్మ ఆ సాయంత్రం.

"సరైన చానల్లో రావాలన్నాడు."

"చానలంటే?"

"కాలువ."

"అదీ ఎండిపోయిండాదా?"

ముప్పై ఒకటిలో వేరుశనగ ధర పడిపోయింది, సర్కారు రాబడి పడిపోయింది. రిట్రెంచ్‌మెంటు ఆర్డరు వచ్చింది. ప్రతి కచేరిలో మూడింట ఒకవంతు సిబ్బందిని తగ్గించవలెను. మీ కచేరిలో లెక్కకు తొమ్మిదిమంది కాబట్టి ముగ్గురిని తీసివేయవలెను. ఈ త్యాగము ఏ ఒక్క వర్గము మీదనే పడరాదు.

మళ్లీ పందిరి వేసినారు. మళ్లీ బ్యాండుమేళం వచ్చింది. మద్దిలేటిరెడ్డిగారి గొంతు గద్గదమైంది.

"ఈ కష్టకాలంలో ఒకటి కాదు, రెండు కాదు, మూడు వర్గాలు ముందుకొచ్చి త్యాగం చేసినాయి. మా వర్గానికి, పంతులుగారి వర్గానికి ఆ భాగ్యం దక్కల్య. అందుకు నేను సిగ్గుపడతాండా. ఈ త్యాగమూర్తుల్ని చరిత్ర మర్చిపోదు!"

ఎవరు త్యాగం చేసినారో చూద్దామని జనంతో పాటు శాంతయ్య కూడా మెడ చాచినాడు. అప్పుడు పంతులుగారు "మిస్టర్ శాంతయ్య" అని పిలిచినారు. పోయి దండ వేయించుకొని వచ్చినాడు. "శాంత్ మియా" అని పిలిచినారు. పోయి ఇంకో దండ వేయించుకున్నాడు. మూడో పిలుపుకు దండలు అయిపోయినాయి. మొదటిది అతని మెడలోంచి తీసి మళ్లీ అతని మెడలోనే వేసినారు. జనం మూడుసార్లూ చప్పట్లు కొట్టినారు. మూడోసారికి తాను కూడా కొట్టినట్టు శాంతయ్యకు లీలగా జ్ఞాపకం.

కచేరిలో మళ్లీ ఆరుగురు మిగిలినారు. ముగ్గురికి ముగ్గురు. తూకం సమానం.

అయితే మద్రాసు వాళ్లు ఊరకుండే రకం కారు. ఇప్పుడు ఆ మూడు వర్గాల గొంతు వినేదెవరని అడిగినారు. దానిమీద బోర్డు ఒక గౌరవ సలహాసంఘాన్ని ఏర్పాటు చేసింది. ఉద్యోగం పోయిన ముగ్గురే సభ్యులు. జీతం లేదు. అధికారం మాత్రం ఉంది. పేటల్లో, గేరుల్లో బావి యాడ తవ్వాలో ఈ సంఘం తీర్మానం చేస్తే బోర్డు తవ్వి తీరాల. సర్కారు ముద్ర పడిన ఆర్డరు.

పేటకు మూడు కవర్లు వచ్చినాయి. మూడూ శాంతయ్య ఇంటికే. అతను ఆర్డరును అయిదుసార్లు చదివినాడు. పేటంతా తిరిగి వినిపించినాడు. ఏడాదికి పైగా మొగం చాటేసిన తోళ్ల మండీకి కూడా పోయి, గడప అవతలే నిలబడి చదివినాడు.

"తూర్పు, పడమర అనను మామా. మీ గేరికీ మా పేటకూ నడిమధ్యన తవ్విస్తా."

ఖాదర్ సాహెబు ఆర్డరు తీసుకొని వెలుగులోకి పెట్టి ముద్ర చూసినాడు. "లోపలికొచ్చి కూర్చో బేటా," అన్నాడు.

మీటింగునాడు విశ్వాసమ్మ కొడుకు చొక్కాను దాచిపెట్టుకున్న తాగేనీళ్లతో ఉతికింది. శాంతయ్య తీర్మానం ముందే రాసుకొని, మడిచి జేబులో పెట్టుకొని, ఏడుమైళ్లు నడిచి కచేరికి చేరినాడు. ఈసారి వరండాలో కాదు, లోపల గదిలో. బల్ల ముందర మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. శాంతయ్య నడిమి కుర్చీలో కూర్చున్నాడు. పంతులుగారు మినిట్సు పుస్తకం తెరిచి, గోడ గడియారం చూసినారు. కొంచెంసేపు ఆగి మళ్లీ చూసినారు. అరగంట గడిచింది.

"ఇంక మొదలుపెడదామా సామీ?"

"మిగతా ఇద్దరూ రానీ."

శాంతయ్య నవ్వినాడు. పంతులుగారు నవ్వలేదు.

"ఆర్డరు సరిగ్గా చదవలేదా అప్పా? కోరం ముగ్గురు." ఆయన అటుపక్క కుర్చీ చూసినారు, ఇటుపక్క కుర్చీ చూసినారు. "ఒక్క మనిషిని ముందర పెట్టుకొని ఎట్లా తీర్మానం చేయమంటావు? రేపు ఆడిట్లో నా ఉద్యోగం పోతాది."

కలం ముంచి, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. హాజరు: ఒకరు. గైర్హాజరు: ఇద్దరు. కోరం లేనందున వాయిదా.

శాంతయ్య తిరిగి పేట చేరేసరికి పొద్దు వాలింది. ఊరి బావికి దూరంగా విశ్వాసమ్మ కడవ పక్కన కూర్చొని ఉంది. కొడుకును చూసి లేచి నిలబడింది.

"ఏమాయ నాయనా?"

"మీటింగు జరగల్యమ్మా. ఇద్దరు రాలేదు."

"ఎవరు వాళ్లు, పాపిష్టోళ్లు?"

"నేనే."